ఆటమ్ లీవ్స్ గిటార్ మీద: మైనర్ కీలో ఒక జాజ్ మెలొడీని మొదటి నోట్ నుంచి నేర్చుకుందాం

నాలుగైదు ఓపెన్ కార్డ్స్ చేతికొచ్చి, వాటితో పది సినిమా పాటలు వాయించడం వచ్చాక చాలామందికి జాజ్ మీద మనసు పోతుంది. ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతికితే స్కేళ్ల పట్టికలు, మోడ్ల పేర్లు, లెక్కలేనన్ని కార్డ్ బొమ్మలు ఒక్కసారిగా మీద పడతాయి. అవన్నీ పూర్తయ్యాకే పాట ముట్టుకోవాలనుకునేవాళ్లు పాట దాకా రానేరారు. అందుకే ముందు పాట పట్టుకోమంటాను. ఒక్క పాటను లోతుగా నేర్చుకుంటే ఆ సిద్ధాంతంలో కావలసినదంతా దాని వెంటే వస్తుంది.

ఆ ఒక్క పాటగా ఆటమ్ లీవ్స్‌ని ఎంచుకోండి. దీని స్వరకర్త జోసెఫ్ కోస్మా బుడాపెస్ట్‌లో పుట్టి 1933లో ప్యారిస్ చేరిన హంగేరియన్. 1945లో ఒక బ్యాలే కోసం కట్టిన ఈ బాణీకి ఫ్రెంచ్ కవి జాక్ ప్రెవెర్ మాటలు రాశారు. తర్వాత అమెరికాలో జానీ మెర్సర్ ఇంగ్లీష్ మాటలు కట్టారు. 1955లో రోజర్ విలియమ్స్ పియానో మీద వాయించిన రికార్డు అక్కడ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది. అప్పటినుంచి ఇది జాజ్ వాళ్లందరికీ ఉమ్మడి ఆస్తి అయింది. ఏ దేశంలో జామ్ సెషన్‌కి వెళ్లినా ఈ పాట పేరు చెబితే మీతో కలిసి వాయించేవాళ్లు దొరుకుతారు.

మనకు ఇది మంచి మొదటి పాట కావడానికి ఇంకో కారణం ఉంది. మెలొడీ చాలా సరళం. నాలుగేసి నోట్ల ముక్కలు, ఒకదాని తర్వాత ఒకటి మెట్లు దిగుతూ వస్తాయి. కానీ ఆ ముక్కల కింద కార్డ్స్ కదిలే తీరులో జాజ్ హార్మొనీ, అంటే నోట్లు కలిసి మోగే తీరు, మొత్తం ఇమిడి ఉంది. కర్ణాటక సంగీతం కొంచెమైనా విన్న చెవికి ఇది బాగా అందుతుంది. ఎలాగో మూడో, నాలుగో అడుగుల్లో చూద్దాం.

ముందే ఉండాల్సినవి: మామూలు ట్యూనింగ్‌లో ఉన్న ఏ గిటార్ అయినా సరే, ఫోన్‌లో ఒక మెట్రోనోమ్, ఒక వాయిస్ రికార్డర్. బారె కార్డ్ కొద్దిగా పట్టగలిగితే చాలు. నొటేషన్ చదవడం రాకపోయినా ఫర్వాలేదు.

మొదటి అడుగు: గిటార్ పక్కన పెట్టి వినడం

మూడు రికార్డులు చెబుతాను. మొదటిది 1958 మార్చి 9న రికార్డయిన క్యానన్‌బాల్ ఆడర్లీ ఆల్బమ్ సమ్‌థిన్ ఎల్స్‌లోది. అందులో మెలొడీ వాయించింది మైల్స్ డేవిస్, మ్యూట్ పెట్టిన ట్రంపెట్ మీద. పాట మొదలయ్యే ముందు పొడుగాటి ఇంట్రో ఉంటుంది, కంగారు పడకండి. రెండోది గిటారిస్ట్ జిమ్ హాల్, బేసిస్ట్ రాన్ కార్టర్ కలిసి 1972లో న్యూయార్క్‌లో చేసిన అలోన్ టుగెదర్‌లోది. గిటార్, బేస్ తప్ప ఇంకేమీ లేదు కాబట్టి ప్రతి కదలిక స్పష్టంగా వినిపిస్తుంది. మూడోది 1996 జనవరిలో ఈవా క్యాసిడీ గిటార్ వాయిస్తూ పాడింది. మెలొడీ మనసుకు పట్టాలంటే పాడినదాన్ని మించింది లేదు, కాబట్టి ఈమెతోనే మొదలుపెట్టండి.

ఒక్కోసారి ఒక్కో సంగతి మీద దృష్టి పెట్టి వినండి. ఒకసారి మెలొడీ ఒక్కటే, ఇంకోసారి బేస్ ఒక్కటే, మరోసారి పొడవు నోట్లు ఎంతసేపు నిలిచాయి అన్నదొక్కటే. నిద్రలో లేపి అడిగినా హమ్ చేయగలిగే స్థితికి వచ్చాకే గిటార్ తీయండి.

రెండో అడుగు: నాలుగు ముక్కలు, ఏడో ఫ్రెట్ దగ్గర

ఈ పాటను జి మైనర్‌లో ఎక్కువగా వాయిస్తారు. గిటార్ మీద మొదలుపెట్టడానికి మాత్రం ఇ మైనర్ హాయి. లావు తీగే ఇ కాబట్టి ఆధారం ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. ఇక్కడ ఒకటో తీగ అంటే అన్నిటికన్నా సన్నది, ఆరోది అన్నిటికన్నా లావుది.

చూపుడువేలు ఏడో ఫ్రెట్ మీదికి వచ్చేలా చెయ్యి పెట్టండి. మొదటి భాగంలోని నాలుగు ముక్కలూ చెయ్యి దాదాపు కదల్చకుండా ఇక్కడే దొరుకుతాయి.

మొదటి ముక్క: ఇ, ఎఫ్ షార్ప్, జి, సి. మూడో తీగ 9, రెండో తీగ 7, రెండో తీగ 8, ఒకటో తీగ 8.

రెండో ముక్క: డి, ఇ, ఎఫ్ షార్ప్, బి. మూడో తీగ 7, మూడో తీగ 9, రెండో తీగ 7, ఒకటో తీగ 7.

మూడో ముక్క: సి, డి, ఇ, ఏ. నాలుగో తీగ 10, మూడో తీగ 7, మూడో తీగ 9, రెండో తీగ 10.

నాలుగో ముక్క: బి, సి షార్ప్, డి షార్ప్, జి. నాలుగో తీగ 9, మూడో తీగ 6, మూడో తీగ 8, రెండో తీగ 8.

వేళ్ల సంగతి కొంచెం చూడాలి. మొదటి ముక్కలో జి, సి రెండూ ఎనిమిదో ఫ్రెట్‌లోనే, పక్కపక్క తీగల మీద ఉన్నాయి. ఒకే వేలిని ఎత్తి రెండో తీగ నుంచి ఒకటో తీగకు దూకిస్తే మధ్యలో శబ్దం తెగిపోతుంది. జి మధ్యవేలితో పట్టి, సి ఉంగరపు వేలితో పట్టండి. రెండో ముక్కలో ఎఫ్ షార్ప్, బి రెండూ ఏడో ఫ్రెట్. ఇక్కడ చూపుడువేలినే కొంచెం పడుకోబెట్టి, ఒత్తిడిని వేలి కొన నుంచి లోపలి వైపుకి దొర్లించాలి. రెండు నోట్లూ కలిసి మోగకూడదు, మధ్యలో ఖాళీ కూడా రాకూడదు. ఈ చిన్న దొర్లుడు పట్టుబడటానికి సమయం పడుతుంది, కానీ మెలొడీ పాడినట్టు వినిపించేది దీనివల్లే. నాలుగో ముక్కకు చెయ్యి ఒక ఫ్రెట్ వెనక్కి జరపండి: బి చిటికెన వేలు, సి షార్ప్ చూపుడువేలు, డి షార్ప్ మధ్యవేలు, జి ఉంగరపు వేలు.

కాలం ఇలా ఉంటుంది. నాలుగు కొట్ల బార్. ఒకటో కొట్టు ఖాళీ. రెండు, మూడు, నాలుగు కొట్ల మీద మొదటి మూడు నోట్లు. నాలుగో నోట్ తర్వాతి బార్ ఒకటో కొట్టు మీద పడి, ఆ బార్ అంతా నిలిచి, దాని తర్వాతి బార్ ఒకటో కొట్టు దాకా సాగుతుంది. అంటే మొత్తం ఐదు కొట్లు. ఆ వెంటనే రెండో కొట్టు నుంచి తర్వాతి ముక్క. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తొందరపడేది ఈ పొడవు నోట్ దగ్గరే. గిటార్‌లో నోట్ త్వరగా సన్నబడిపోతుంది కాబట్టి అయిపోయిందనుకుని వేలు ఎత్తేస్తారు. ఎత్తకండి. ఐదు కొట్లూ వేలు నొక్కి ఉంచి, చివర్లో వేలిని సన్నగా ఊపుతూ చాలా కొద్దిగా వైబ్రాటో ఇవ్వండి. వీణ, వయొలిన్ వినికిడి ఉన్నవాళ్లకు ఇక్కడ చెయ్యి గమకం వైపు లాగుతుంది. ఈ పాటలో పొడవు నోట్ మీద పెద్ద ఊపు పెడితే కింద ఉన్న కార్డ్‌తో అది కలవదు. నోట్ నిలకడగా ఉంటేనే హార్మొనీ వినిపిస్తుంది.

అకూస్టిక్ గిటార్ అయితే ఫ్రెట్‌బోర్డు ముగిసే చోటికి దగ్గరగా మీటండి, శబ్దం గుండ్రంగా వస్తుంది. ఎలక్ట్రిక్ అయితే మెడ వైపు పికప్ వాడి, టోన్ కొద్దిగా తగ్గించండి.

మూడో అడుగు: ఏడు కార్డ్స్, మూడేసి తీగలు

జాజ్ కార్డ్స్ అనగానే నాలుగు వేళ్లూ మెలితిప్పే ఆకారాలు గుర్తొచ్చి చాలామంది వెనకడుగు వేస్తారు. ప్రస్తుతానికి అవేమీ వద్దు. ఒక్కో కార్డ్‌లో మూడు నోట్లు చాలు: కింద ఆధారం, పైన ఆ కార్డ్ స్వభావాన్ని చెప్పే రెండు నోట్లు. వీటిని షెల్ కార్డ్స్ అంటారు.

ఏ మైనర్ 7: ఆరో తీగ 5, నాలుగో తీగ 5, మూడో తీగ 5.

డి7: ఐదో తీగ 5, నాలుగో తీగ 4, మూడో తీగ 5.

జి మేజర్ 7: ఆరో తీగ 3, నాలుగో తీగ 4, మూడో తీగ 4.

సి మేజర్ 7: ఐదో తీగ 3, నాలుగో తీగ 2, మూడో తీగ 4.

ఎఫ్ షార్ప్ మైనర్ 7 ఫ్లాట్ 5: ఆరో తీగ 2, నాలుగో తీగ 2, మూడో తీగ 2.

బి7: ఐదో తీగ 2, నాలుగో తీగ 1, మూడో తీగ 2.

ఇ మైనర్ 7: ఆరో తీగ, నాలుగో తీగ, మూడో తీగ, మూడూ ఓపెన్.

కార్డ్‌కి ఒక బార్, చివరి ఇ మైనర్‌కి రెండు బార్లు. మొత్తం ఎనిమిది బార్లు. మిగతా తీగలు మోగకుండా ఎడమచేతి వేళ్ల అంచులతో ఆపండి, లేదా పిక్ వదిలి బొటనవేలు, మరో రెండు వేళ్లతో మీటండి. ఎఫ్ షార్ప్ కార్డ్ పేరులో ఉన్న ఫ్లాట్ 5 కావాలంటే రెండో తీగ మొదటి ఫ్రెట్ కూడా కలపాలి. ఇప్పుడది లేకపోయినా పని జరుగుతుంది.

ఒకసారి నాలుగో తీగ, మూడో తీగ మాత్రమే చూస్తూ వరుసగా వాయించండి. నాలుగో తీగ మీద 5, 4, 4, 2, 2, 1, 0. మూడో తీగ మీద 5, 5, 4, 4, 2, 2, 0. ఆఖరి మార్పు తప్ప మిగతా అన్నిచోట్లా ఒక వేలు అక్కడే ఉంటుంది, రెండోది మాత్రమే కిందికి జరుగుతుంది. మూడో తీగ మీద వచ్చిన నోట్లు పేర్లతో చెప్పుకుంటే సి, సి, బి, బి, ఏ, ఏ, జి. మెలొడీలో మనం నిలబడ్డ పొడవు నోట్లు ఏవి? సి, బి, ఏ, జి. అవే ఇవి, ఒక ఆక్టేవ్ కింద. మెలొడీ పైనుంచి అతికించింది కాదు, కార్డ్స్ లోపలి గొంతే పైకి వచ్చి పాడుతోంది. ఈ సంగతి చెవికి తెలియాలి. దానికోసం కార్డ్స్ వాయిస్తూ మూడో తీగ నోట్‌ని మాత్రం నోటితో పాడండి.

ఇప్పుడు ఈ ఎనిమిది బార్లనూ నెమ్మదిగా, ఆగకుండా ఒక పది నిమిషాలు వాయించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఇక మీదట అదే మీ తోడు.

నాలుగో అడుగు: ప్రతి కార్డ్‌కీ సొంత స రి గ

ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. మన సంగీతంలో షడ్జమం ఒకచోట స్థిరంగా ఉంటుంది. తంబురా మోగుతూనే ఉంటుంది, ప్రతి స్వరం దానితోనే కొలుచుకుంటాం. జాజ్‌లో కార్డ్ మారిన ప్రతిసారీ కింది ఆధారం మారుతుంది. పైన ఉన్న నోట్ కదలకపోయినా దాని అర్థం మారిపోతుంది.

దీన్ని మాటల్లో చదివితే లాభం లేదు, గిటార్ మీదే వినాలి. రెండో తీగను ఓపెన్‌గా వదిలేయండి, అది బి. పైన చెప్పిన ఏడు కార్డ్స్‌నీ వరుసగా వాయిస్తూ ప్రతిదాంతోనూ ఆ ఓపెన్ బి మోగించండి. ఏ మైనర్ మీద ఆ బి రిషభం. డి7 మీద ధైవతం. జి మేజర్ మీద గాంధారం. సి మేజర్ మీద నిషాదం. ఎఫ్ షార్ప్ కార్డ్ మీద మధ్యమం. బి7 మీద షడ్జమం. ఇ మైనర్ మీద పంచమం. ఒకే తీగ, ఏ వేలూ ముట్టని తీగ, ఎనిమిది బార్లలో సప్తస్వరాలూ అయింది. డి7 మీద అది కాస్త ఎండ తగిలినట్టు వెలుగుతుంది, ఎఫ్ షార్ప్ మీద ఎటు పోవాలో తెలియనట్టు వేలాడుతుంది, బి7 మీద గట్టి నేల దొరికినట్టు ఆగుతుంది. ఈ తేడాలు మీకు మీరుగా వినిపించేవరకు ఈ ఒక్క అభ్యాసం చేస్తూ ఉండండి. దీనికి ఎంత సమయం పెట్టినా వృథా కాదు.

ఇప్పుడు మెలొడీ వైపు తిరగండి. మొదటి ముక్క ఇ, ఎఫ్ షార్ప్, జి: ఇవి ఇ మైనర్‌కి స, రి, గ. తర్వాత వచ్చే సి, కొత్తగా వచ్చిన ఏ మైనర్‌కి గ. రెండో ముక్క డి, ఇ, ఎఫ్ షార్ప్: డి7కి స, రి, గ. ఆ వెంటనే బి, జి మేజర్‌కి గ. మూడో ముక్క సి, డి, ఇ: సి మేజర్‌కి స, రి, గ. తర్వాత ఏ, ఎఫ్ షార్ప్ కార్డ్‌కి గ. నాలుగో ముక్క బి, సి షార్ప్, డి షార్ప్: బి7కి స, రి, గ. చివరికి జి, ఇ మైనర్‌కి గ.

అంటే మొదటి భాగమంతా ఒకే ఆలోచన. ఉన్న కార్డ్‌లో స రి గ అని మూడు మెట్లెక్కి, తర్వాతి కార్డ్ గాంధారం మీద దిగడం. ఆ గాంధారమే కార్డ్ మేజరా మైనరా అని తేల్చే స్వరం: అంతర గాంధారమైతే మేజర్, సాధారణ గాంధారమైతే మైనర్. కోస్మా ప్రతిసారీ సరిగ్గా ఆ స్వరం మీదే నిలబెట్టాడు. అందుకే కార్డ్స్ వాయించేవాళ్లు ఎవరూ లేకుండా మెలొడీ ఒక్కటే వాయించినా వినేవాళ్లకు కింద కార్డ్స్ కదులుతున్నట్టే ఉంటుంది.

ఇంకొకటి చూడండి. మొదటి మూడు ముక్కల్లో మూడో నోట్ నుంచి నాలుగో నోట్‌కి ఐదు ఫ్రెట్ల దూరం: జి నుంచి సి, ఎఫ్ షార్ప్ నుంచి బి, ఇ నుంచి ఏ. చెవి ఆ గెంతుకు అలవాటు పడుతుంది. నాలుగోసారి డి షార్ప్ నుంచి జికి నాలుగు ఫ్రెట్లే. చెవి అనుకున్న చోటికన్నా ఒక అర మెట్టు ముందే మెలొడీ దిగిపోయింది. ఈ పాటలో గుండె పట్టేసేది ఇక్కడే. నాలుగో ముక్క వాయించేటప్పుడు దాన్ని దాటేసి వెళ్లిపోకండి.

స్వరాల లెక్కలో చెప్పాలంటే, ఇ షడ్జమంగా పెట్టుకుంటే మొదటి మూడు ముక్కల స్వరాలూ నటభైరవివే. నాలుగో ముక్కలో పైకి ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం వస్తాయి, అవి గౌరీమనోహరి స్వరాలు. పాశ్చాత్యులు దీన్నే మెలొడిక్ మైనర్ అంటారు. స్వరస్థానాలు కలిశాయి కదా అని రాగం వచ్చిందనుకోకూడదు. రాగానికి ఉండే నడక, పట్లు వేరు. స్థానాలు గుర్తుపట్టడానికి మాత్రం మనకు చిన్నప్పటినుంచీ ఉన్న ఈ తెలివి బాగా పనికొస్తుంది, వాడుకోండి.

ఐదో అడుగు: కాలం

మెట్రోనోమ్‌ని 50కి పెట్టండి. ఆ టిక్కుల్ని ఒకటి, మూడు కొట్లుగా కాకుండా రెండు, నాలుగు కొట్లుగా లెక్కపెట్టండి. అప్పుడు పాట వేగం నిమిషానికి 100 కొట్లు అవుతుంది. మొదట్లో ఇది తలకిందులుగా అనిపించి, కాసేపటికి టిక్కు మళ్లీ ఒకటి మీదికి జారిపోతుంది. అలా జారినప్పుడు ఆపి, నోటితో "రెండు... నాలుగు..." అని టిక్కుతో కలిపి పలుకుతూ మళ్లీ మొదలుపెట్టండి. జాజ్ డ్రమ్మర్ హై-హ్యాట్ మూసేది రెండు, నాలుగు మీద. ఆ శబ్దానికి మీ మెలొడీ ఆనుకుంటే మీరు ఒంటరిగా వాయించినా ఊపు వస్తుంది.

స్వింగ్ గురించి కొంచెం. ఒక కొట్టును రెండు సమానమైన సగాలుగా కాకుండా తిశ్రంగా మూడు ముక్కలు చేసి, మొదటి దాని మీద, మూడో దాని మీద వాయించడం దీని మూలం. "తకిట" అని మనసులో అనుకుంటూ "త" మీద ఒకటి, "ట" మీద ఒకటి మీటండి, "కి" ఖాళీ వదలండి. మధ్యస్థ వేగంలో ఇది దాదాపు సరిపోతుంది. వేగం పెరిగేకొద్దీ రెండు సగాలూ సమానం వైపు వెళ్తాయి. ఆటమ్ లీవ్స్ మెలొడీలో ఉన్నవి ఎక్కువగా పూర్తి కొట్టు నోట్లే కాబట్టి వాటిని స్వింగ్ చేయనక్కరలేదు. మీరు మధ్యలో చేర్చే చిన్న నోట్లకే ఇది అవసరం.

ఆరో అడుగు: మిగతా పాట చెవితో

పాట మొత్తం 32 బార్లు. మొదటి ఎనిమిదీ, రెండో ఎనిమిదీ దాదాపు ఒకటే. మూడో ఎనిమిది బార్ల కార్డ్స్: ఎఫ్ షార్ప్ మైనర్ 7 ఫ్లాట్ 5, బి7, ఇ మైనర్ రెండు బార్లు, తర్వాత ఏ మైనర్ 7, డి7, జి మేజర్ 7 రెండు బార్లు. చూశారుగా, మీకు వచ్చిన కార్డ్సే వరుస మార్చుకున్నాయి. ఇక్కడ పాట మైనర్ నుంచి మేజర్ వైపు కాసేపు తిరుగుతుంది. చివరి ఎనిమిది మళ్లీ ఎఫ్ షార్ప్, బి7తో మొదలై ఇ మైనర్‌కి చేరి, మధ్యలో కిందికి జారే కార్డ్స్‌తో నడిచి, బి7 మీదుగా ఇ మైనర్‌లో ముగుస్తుంది. ఆ జారుడు భాగాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా వాయిస్తారు, మీరు విన్న రికార్డును బట్టి పట్టుకోండి.

ఈ రెండో సగం మెలొడీని ఇక్కడ ఫ్రెట్లతో రాసి ఇవ్వడం లేదు, కావాలనే. మొదటి సగం వేళ్లతో నేర్చుకున్నారు, రెండోది చెవితో నేర్చుకుంటే ఆ తర్వాత ఏ పాటకైనా ట్యాబ్ కోసం చూడక్కరలేదు. పద్ధతి ఇది: రికార్డును ముప్పావు వేగానికి తగ్గించండి. రెండు బార్లు మాత్రమే విని ఆపండి. పాడండి. సరిగ్గా పాడగలిగేదాకా గిటార్ ముట్టుకోవద్దు. తర్వాత ఆ ముక్కలో పొడవు నోట్ ఒక్కటే ఏడో ఫ్రెట్ చుట్టుపక్కల వెతకండి. అది దొరికాక కింద ఏ కార్డ్ ఉందో చూసి, ఆ నోట్ దానికి స, రి, గ, మ... ఏమవుతుందో పేరు పెట్టండి. మిగతా నోట్లు దానికి అటూ ఇటూ దొరుకుతాయి. రోజుకు రెండు బార్లు ఖాయం అయితే చాలు. మీరు వినే రికార్డు వేరే కీలో ఉంటే ముందు పాడినదాన్ని ఇ మైనర్‌లో వెతుక్కోండి, అదీ మంచి సాధనే.

ఏడో అడుగు: మెలొడీని మీది చేసుకోవడం

జాజ్‌లో మెలొడీని రాసినట్టే అప్పజెప్పడం ఎవరూ ఆశించరు. కానీ ఉన్నదున్నట్టు వాయించడం రాకుండా మార్చడం మొదలుపెడితే వినేవాళ్లకు పాటే దొరకదు. ముందు సూటిగా, నిదానంగా, ఏ నగా లేకుండా వాయించండి. ఆ తర్వాత మూడు మార్పులు ప్రయత్నించండి, ఒక్కోసారి ఒకటే.

పొడవు నోట్‌కి ఒక ఫ్రెట్ కింద నుంచి జారుతూ ఎక్కండి. సికి ముందు ఒకటో తీగ 7, బికి ముందు ఒకటో తీగ 6, ఏకి ముందు రెండో తీగ 9, జికి ముందు రెండో తీగ 7. జారుడు పొట్టిగా ఉండాలి, కింది నోట్ విడిగా వినిపించకూడదు.

రెండోది, నాలుగో నోట్‌ని ఒకటో కొట్టు దాకా ఆపకుండా అర కొట్టు ముందే వాయించండి. కార్డ్ ఇంకా రాకముందే దాని గాంధారం వచ్చేస్తుంది. జాజ్ విన్నప్పుడు మనల్ని ముందుకు తోసే ఊపులో చాలా భాగం ఇదే. లేదా ఉల్టాగా, ఒక కొట్టు ఆలస్యం చేయండి. మైల్స్ వాయించినదాన్ని మళ్లీ వినండి. ఆయన ఎక్కడ ఆగాడు, ఎక్కడ ఖాళీ వదిలాడు అన్నది నోట్ల కన్నా ఎక్కువ నేర్పుతుంది.

మూడోది, ఐదు కొట్ల నిలకడలో చివరి రెండు కొట్లలో చిన్న జవాబు ఇవ్వండి. ఆ కార్డ్‌లోని రెండు నోట్లు చాలు.

ఇంప్రొవైజేషన్, అంటే అప్పటికప్పుడు అల్లి వాయించడం, ఇక్కడినుంచే మొదలవుతుంది. రికార్డు చేసుకున్న కార్డ్స్ మీద కేవలం సి, సి, బి, బి, ఏ, ఏ, జి వరుసను బార్‌కి ఒకటి చొప్పున వాయించండి. తర్వాత ఒక్కోదాని ముందు ఒక నోట్, తర్వాత రెండు నోట్లు చేర్చండి. ఏ నోట్లు పనికొస్తాయి? బి7 తప్ప అన్నిచోట్లా ఇ నుంచి నటభైరవి స్వరాలు సరిపోతాయి. బి7 దగ్గర డిని డి షార్ప్ చేయండి, అప్పుడు కీరవాణి స్వరాలవుతాయి, అంటే హార్మోనిక్ మైనర్. సి, డి షార్ప్ మధ్య ఉన్న మూడు ఫ్రెట్ల ఎడం బి7 మీద ఎంత పదునుగా వినిపిస్తుందో చూడండి. అది ఇ మైనర్ రాగానే జి మీద దిగితే మాట పూర్తయినట్టుంటుంది. కొత్తవాళ్లు స్కేల్ పైకీ కిందికీ పరిగెత్తిస్తారు. దానికి బదులు ఒక కార్డ్ గాంధారం నుంచి తర్వాతి కార్డ్ గాంధారానికి ఎలా చేరాలా అన్నదొక్కటే ఆలోచించండి. నాలుగు నోట్లతో అక్కడికి చేరితే అదే మంచి సోలో.

ఎనిమిదో అడుగు: ఒక్క గిటార్ మీద మెలొడీ, కార్డ్స్ కలిపి

పక్కన వాయించేవాళ్లు లేకపోయినా పాట నిండుగా వినిపించాలంటే పొడవు నోట్లన్నీ ఒకటో తీగ మీదికి తెచ్చుకోవాలి. సి 8లో, బి 7లో, ఏ 5లో, జి 3లో దొరుకుతాయి. షెల్ కార్డ్ పట్టుకుని పైన చిటికెన వేలు వేయండి.

ఏ మైనర్: ఆరు, నాలుగు, మూడు తీగల మీద 5, ఒకటో తీగ 8. ఐదో ఫ్రెట్ అంతా చూపుడువేలే పట్టుకుంటుంది.

జి మేజర్: ఆరో తీగ 3, నాలుగు, మూడు తీగల మీద 4, ఒకటో తీగ 7. ఇది కొంచెం చాపాలి. బొటనవేలిని మెడ వెనక మధ్యలోకి దించి, మణికట్టును కొద్దిగా ముందుకు తెస్తే అందుతుంది. నొప్పి వస్తే ఆ రోజుకు ఆపేయండి, లేదా ఆరో తీగ వదిలేసి పై మూడు నోట్లే పట్టండి.

ఎఫ్ షార్ప్ కార్డ్: ఆరు, నాలుగు, మూడు తీగల మీద 2, ఒకటో తీగ 5.

ఇ మైనర్: మూడు తీగలు ఓపెన్, ఒకటో తీగ 3. ఒక్క వేలితో అయిపోతుంది.

పొడవు నోట్ ఉన్న బార్‌లో ఒకటో కొట్టు మీద కార్డ్, మెలొడీ కలిపి ఒకేసారి మీటండి. తర్వాతి బార్ ఒకటో కొట్టు మీద డి7, సి మేజర్ 7, బి7 షెల్స్ ఒక్కసారి తాకించి, వెంటనే రెండో కొట్టు నుంచి మూడు నోట్ల ముక్కకు వెళ్లండి. షెల్ దగ్గరినుంచి ఏడో ఫ్రెట్‌కి చెయ్యి దూకాలి కాబట్టి ఆ మూడు నోట్లను దగ్గర్లో వేరేచోట వెతుక్కుంటే ఇంకా సుఖం. డి, ఇ, ఎఫ్ షార్ప్ మీకు రెండో తీగ మీద 3, 5, 7లో కూడా ఉన్నాయి. మిగతా ముక్కలకు మీ చేతికి నచ్చిన చోటు మీరే నిర్ణయించుకోండి.

ఇదంతా 32 బార్లూ ఆగకుండా వచ్చాక, రెండో అడుగులో నేర్చుకున్న ఒంటి నోట్ల మెలొడీని మొత్తం మూడు ఫ్రెట్లు పైకి జరపండి. ఏడో ఫ్రెట్ దగ్గరున్న చెయ్యి పదో ఫ్రెట్ దగ్గరికి వస్తుంది, పాట జి మైనర్ అవుతుంది. 1958 నాటి ఆ రికార్డు పెట్టుకుని, ఇంట్రో పూర్తయ్యేదాకా ఆగి, మైల్స్‌తో పాటే మొదటి ఇ స్థానంలో జి మీటండి.